బేబీగారు వేసిన స్పీకరు వైరు

రాజోలు బస్టాండు దాటి కాలువ వెంట కొంచెం ముందుకు పోతే ఒక రేకుల షెడ్డు వస్తుంది. అందులో సగం టింకరింగు, సగం ఎలక్ట్రికల్. టింకరింగు సగం నాగదుర్గాప్రసాద్‌ది, ఎలక్ట్రికల్ సగం ఆయన భార్య బేబీది. పేరు విని చిన్నపిల్ల ఎవరో అనుకుని వచ్చిన కొత్తవాళ్ళు, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని జీపు కింద దూరుతున్న యాభై రెండేళ్ళ మనిషిని చూసి కాస్త తడబడతారు. బేబీ అన్నది ముద్దుపేరు కాదు. రేషను కార్డులోనూ అదే, ఓటరు కార్డులోనూ అదే.

ఆమె పుట్టింది రామచంద్రపురంలో. అక్కడ మేనమామకి మోటార్లు వైండింగు చేసే షాపు ఉండేది. చేలకి నీళ్ళు తోడే మోటార్లు కాలిపోయి వస్తే లోపలి తీగంతా లాగేసి కొత్త రాగితీగ చుట్టేవారు. బడి లేని రోజుల్లో బేబీ వెళ్ళి అక్కడే కూర్చునేది. మామయ్య చుడుతుంటే చుట్లు లెక్కపెట్టేది, కొన్నాళ్ళకి తనే చుట్టేది. అలా రాగి ఆమె వేళ్ళకి అలవాటైపోయింది. పెళ్ళయి రాజోలు వచ్చాక, భర్త బళ్ళ బాడీలకి అతుకులు వేస్తుంటే, విప్పిన లైట్లూ హారన్లూ మళ్ళీ బిగించడానికి ఎవరో ఒకరు కావలసి వచ్చేది. ఆ పని తనే అందుకుంది. ఇరవై ఏడేళ్ళయింది. ఇప్పుడు సఖినేటిపల్లి నుంచి తాటిపాక దాకా పాత బండి ఉన్నవాళ్ళలో ఆమె తెలియనివాళ్ళు తక్కువ.

కిందటేడు కార్తీకం వెళ్ళిన వారంలో ఒక పాత కమాండరు జీపు ఊగుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగినాయన పేరు సూరయ్య. అంతర్వేది వైపు పల్లెపాలెం మనిషి. ముప్ఫై ఏళ్ళు చేపల బోట్ల మీద ఇంజను డ్రైవరుగా చేశాడు. మోకాళ్ళు మొండికేశాక ఒడ్డుకొచ్చి, ఈ జీపు కొనుక్కుని వలలూ చేపల బుట్టలూ తోలుతున్నాడు. వెనకాలే అట్టపెట్టెలు పట్టుకుని ఆయన భార్య వీరలక్ష్మి దిగింది.

"చెల్లెమ్మా! పాట పెడితే ఇంజను మోతే గానీ పాట వినపడట్లేదమ్మా. యాంప్లిఫయరు కొన్నాను, రెండు స్పీకర్లు కొన్నాను. వైరు కూడా కొట్టువాడే ఇచ్చేడు. బిగించేయండి" అన్నాడు సూరయ్య. కాలువ అవతలి గట్టు మీద ఉన్నవాళ్ళకి చెబుతున్నంత గట్టిగా అన్నాడు.

బేబీ వైరు చుట్ట అందుకుని చివర వేళ్ళ మధ్య నలిపి చూసింది. జేబుకత్తితో ఒక పోగు గీకింది. పైన ఎర్రగా ఉన్నది లోపల తెల్లగా తేలింది.

"ఇది రాగి కాదండి అన్నయ్యగారూ. అల్యూమినియం మీద రాగి పూత."

"లావుగా ఉంది కదమ్మా?"

"ఆ లావంతా ప్లాస్టిక్కుదండి. లోపల పోగులు చూడండి, ఏమన్నా ఉన్నాయా?"

సూరయ్య ఒంగి చూశాడు. కొట్టువాణ్ణి నాలుగు తిట్టి, "పోనీ, బండిలో పాత రేడియో వైరు ఉందిగా. దానికే తగిలించేయండి" అన్నాడు.

బేబీ జీపులోకి ఎక్కి డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఆ పాత వైరు బయటికి లాగింది. పురికొసంత లావు కూడా లేదది. "ఇది ఒక్క చిన్న స్పీకరు కోసం కంపెనీవాళ్ళు వేసిందండి. దానికి చాలు. మీరు తెచ్చిన యాంప్లిఫయరు పెట్టె దీంట్లోంచి కరెంటు తోస్తే సగం దారిలోనే వేడెక్కి వృథా అయిపోద్ది. వెనక స్పీకరు దాకా వెళ్ళేసరికి పాట నీరసపడిపోద్ది. దూరం పెరిగేకొద్దీ వైరు లావు కావాలండి. చేపల బుట్టల నీళ్ళు కారతాయి కాబట్టి పెట్టె వెనక పెట్టలేం, ముందు సీటు కిందే పెట్టాలి. అక్కణ్ణుంచి వెనక మూలకి, వంపులన్నీ కలిపి, నాలుగు మీటర్లు దాటుద్ది."

సూరయ్యకి ఇంకా నమ్మకం కుదరలేదు. బేబీ వేరే దారిలో వచ్చింది.

"మీ బోట్లో వైరింగు ఏది వేసేవోరండీ?"

"బోట్లోనా? తగరం పూసిన రాగేనమ్మా. మామూలుది వేస్తే ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా పచ్చగా పాచి పట్టి పొడైపోదూ!" అనేసి, ఆగి, నవ్వేశాడు. "ఆయ్. తెలిసింది. నా బండీ ఆ గాల్లోనే కదా పడుంటది."

"అదేనండి. రెండున్నర సైజులో తగరం పూత రాగి నా దగ్గరుంది. అది వేస్తాను. మళ్ళీ ఈ జన్మకి చూసుకోనక్కర్లేదు."

పని మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. జీపు నేల కుడివైపు తుప్పు పట్టి చిల్లులు పడింది. నాగదుర్గాప్రసాద్ అక్కడ రేకు అతుకు వేస్తున్నాడు. నిప్పురవ్వల పక్కన వైరు పరచడం కుదరదు కాబట్టి, బేబీ రేడియో నుంచి యాంప్లిఫయరుకి పాటని మోసుకొచ్చే సన్నటి తీగని కూడా ఎడమవైపే, బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుతో కలిపి కట్టేసింది. ఆ రెండూ పక్కపక్కన పోతే బ్యాటరీ వైరు రొద పాటలోకి దూరుతుందని ఆమెకి తెలుసు. ఉన్నది మూరెడు దూరమే కదా, ఏమవుతుందిలే అనుకుంది. స్పీకరు వైర్లు మాత్రం ఎంతో ఒద్దికగా వేసింది. రేకు అంచు తగిలిన ప్రతిచోటా రబ్బరు తొడుగు వేసి, ఎరుపు ఎరుపుకీ నలుపు నలుపుకీ రెండుసార్లు సరిచూసి బిగించింది.

అంతా అయ్యాక సూరయ్య ఇంజను స్టార్టు చేసి పాట పెట్టాడు. పాట గట్టిగానే వచ్చింది. దాంతోపాటు సూదిలాంటి ఈల కూడా వచ్చింది. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ ఆ ఈల పైకి పోతోంది. వెనక కూర్చున్న వీరలక్ష్మి రెండు చెవులూ మూసుకుంది. బేబీకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తప్పు ఎక్కడ చేసిందో వెంటనే తెలిసిపోయింది.

సూరయ్య మాత్రం స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. "అద్భుతంగా ఉందమ్మా! వెళ్ళొస్తాం" అన్నాడు.

మనిషి తృప్తిగా ఉన్నాడు, బండి గేరులో పడింది. పోనిస్తే పోయేదే. కానీ బేబీ జీపు తలుపు పట్టుకుంది.

"ఆపండి అన్నయ్యగారూ. ఈల వస్తోంది. నా పొరపాటే. సరిచేస్తాను."

"ఈలేంటమ్మా?"

"వినపడట్లేదా అండీ?"

"పాట వినపడుతోంది కదా!"

బేబీ వీరలక్ష్మి వైపు చూసింది. వీరలక్ష్మి తల దించుకుంది. బేబీ పాట ఆపించి, ఇంజను నడుస్తుండగానే, ఆ సన్నతీగ ఒకసారి పీకింది, ఒకసారి పెట్టింది. "ఈల ఆగినప్పుడు చెయ్యెత్తండి" అంది. ఆయన ఎత్తలేదు. పక్క షాపులో టీ తాగుతున్నవాళ్ళు కూడా తల తిప్పి చూస్తున్నారు గానీ, ఆ ఈల మధ్యలో కూర్చున్న మనిషికి అది అందడం లేదు.

"నా చెవులు పరీక్ష చేస్తున్నారేంటమ్మా?" సూరయ్యకి కోపం వచ్చింది. "నడి సముద్రంలో ఇంజను చప్పుడు విని ఏ వాల్వు పోయిందో చెప్పినోణ్ణి నేను!"

"ఆ చప్పుళ్ళు ఇప్పటికీ బాగానే వినపడతాయండి. సన్నటివే పోయినట్టున్నాయి. ఆడవాళ్ళ గొంతు, పక్షుల కూత, అలాంటివి."

అప్పటిదాకా మాట్లాడని వీరలక్ష్మి నోరు విప్పింది. "ఎనిమిదేళ్ళయిందమ్మా. నేనేం చెప్పినా 'గొణక్కు, తిన్నగా చెప్పు' అంటారు. అరిచి చెప్తే ఇరుగుపొరుగువాళ్ళు మేం కొట్టుకుంటున్నాం అనుకుంటారు. అందుకని అవసరమైనవే చెప్పడం అలవాటు చేసుకున్నాను. అన్నానికి రండి, నీళ్ళు పెట్టేను, అంతే. మిగతావన్నీ మానేశాను."

చివరి మాట ఆయనకి వినపడినట్టుంది. భార్య వైపు తిరిగి, "ఏం మానేశావు?" అన్నాడు.

ఈలోగా నాగదుర్గాప్రసాద్ చేతిలో సుత్తి పక్కన పెట్టి లేచి వచ్చాడు. కుడి చెవి వెనక నుంచి చిక్కుడుగింజంత వినికిడి మిషను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"నలభై ఏళ్ళు రేకులు కొట్టేనండి. రెండేళ్ళపాటు మా ఆవిడ గొణుగుతోందనే అనుకున్నాను. కుక్కరు కూతే వినపడట్లేదు నాకు. ఒకరోజు పప్పు మాడి, ఇల్లంతా పొగైపోయింది. అప్పుడు ఈవిడే బలవంతాన అమలాపురం తీసుకెళ్ళింది. ఇంజను పక్కన ముప్ఫై ఏళ్ళంటే తమరిదీ అదే బాపతండి. తప్పేం లేదు."

సూరయ్య ఆ మిషను వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. జీపు దిగి కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. బేబీ ఆయన్ని కదిలించలేదు. పనిలో పడింది. సన్నతీగని విప్పి, చల్లారిన కుడివైపు రేకు మీదుగా వేరేగా లాగింది. యాంప్లిఫయరు ఎర్తు బోల్టు విప్పి, కింద రంగూ తుప్పూ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించింది. ఇంజను మళ్ళీ స్టార్టు చేసి చూస్తే ఈల లేదు. వీరలక్ష్మి చెవులు మూసుకోబోయి ఆగి, "పోయిందమ్మా" అంది. సూరయ్య కాలువ దగ్గర్నుంచి తిన్నగా వచ్చి బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు బేబీ, "నలుగురిలో అడక్కుండా ఉండాల్సింది" అంది. నాగదుర్గాప్రసాద్ "నన్నూ నలుగురిలోనే అడిగేవు" అన్నాడు.

నెలన్నర దాకా జీపు మళ్ళీ కనపడలేదు. తర్వాత ఒక ఉదయం గట్టు మీద దాని ఇంజను మోత వినిపించింది. సూరయ్య గబగబా దిగాడు. రెండు చెవుల వెనకా మిషన్లు. బేబీ వాటి గురించి అడిగేలోపే ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"అమ్మా, ఏదో లూజైపోయింది. మలుపు తిరిగినప్పుడల్లా డాష్‌బోర్డులో టిక్కు టిక్కుమంటోంది. వైరేదో కొట్టుకుంటోందేమో చూడండి."

ఆయన గొంతు మామూలు మనుషుల గొంతులా ఉంది. బేబీ జీపెక్కి ఎడమవైపు ఇండికేటరు వేసింది. టిక్కు టిక్కు.

"ఇదేనా అండీ?"

"అదే! అదేనమ్మా!"

"ఇండికేటరు అన్నయ్యగారూ. అది అలాగే కొట్టుకోవాలి."

సూరయ్య తనే చెయ్యి చాపి కుడివైపుకి వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. "ఇన్నాళ్ళూ కొట్టుకుంటూనే ఉందా ఇది?" అన్నాడు.

వాళ్ళకి టీ చెప్పింది బేబీ. మిషను పెట్టుకున్న మొదటి వారం చిరాకేసి రెండుసార్లు తీసి పారేశాడట. నూనెలో పోపు చిటపటమన్నా బాధగా ఉండేదట. ఇప్పుడు అలవాటైంది. తెల్లారుజామున పెంకుటింటి మీద పిచికలు గొడవ చేస్తుంటే వింటూ కూర్చుంటున్నాడట. ఇవన్నీ చెప్పింది వీరలక్ష్మే. మెల్లగా, తీరిగ్గా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా "ఏంటి?" అనలేదు.

"మరి పాటలు బాగా వస్తున్నాయా వదినగారూ?" అడిగింది బేబీ.

"ఎక్కడమ్మా! బండెక్కితే ఈయన పాట పెట్టనివ్వరు. ఊళ్ళో కబుర్లన్నీ చెప్పమంటారు. ఎనిమిదేళ్ళవి ఉన్నాయి కదా, ఒక్కొక్కటే చెప్తున్నాను. మొన్న మా ఆడపడుచు గురించి నోరు జారి ఒక మాట అనేశాను, అదీ వినేశారు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇప్పుడు జాగ్రత్తగా మాట్లాడాల్సొస్తోంది."

"ఉన్నమాటే కదా అన్నావు, అందులో అబద్ధమేముంది!" అన్నాడు సూరయ్య టీ ఊదుకుంటూ.