తాంబాళం ముందా, లెక్క ముందా

మా చిన్నాయన నన్ను పిలిచి నిధి లెక్క చూడమన్న రోజు నేను ఇంటికొచ్చి తలుపేసుకుని నవ్వుకున్నాను. పదమూడేళ్ల వయసు నుంచి కడుపులో దాచుకున్న కసి అది. దాన్ని తీర్చుకునే దారి ఆయనే వెతికి నా చేతిలో పెట్టాడు.

పుదుచ్చేరి బజారులో అంగళ్లు నడుపుకునే మా తెలుగు కుటుంబాలకు ఒక నిధి ఉంది. ఏడాదికోసారి ఇంటికింత అని వేస్తారు. ఆ డబ్బును పెట్టుబడి పెట్టి, పిల్లల చదువులకూ ఆస్పత్రి ఖర్చులకూ వడ్డీ లేకుండా అప్పిస్తారు. నా చిన్నప్పుడు దాన్ని చూసుకున్నది మా నాయన. బ్యాంకు డిపాజిట్లూ ప్రభుత్వ బాండ్లూ తప్ప ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. ఒక ఏడాది సభలో ఆయన సొంత తమ్ముడే, అంటే మా చిన్నాయనే, లేచి నిలబడ్డాడు.

"మా అన్న డబ్బును ఉయ్యాల్లో ఏసి తాలాట్టు పాడతా ఉండాడు. మనకు దాన్ని నిద్ర లేపేవాళ్లు కావాల" అన్నాడు.

తాలాట్టు అంటే తమిళంలో జోలపాట. హాలంతా గొల్లుమంది. నిధి ఆ పూటే చిన్నాయన చేతికి పోయింది, మా నాయనకు తాలాట్టు అనే పేరు మిగిలింది. పెళ్లిళ్లలో ఆయన ఆకు ముందు కూర్చుంటే వెనక వరుసలో ఎవరో ఒకరు సన్నగా జోల పాడేవారు. నాయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ తర్వాత ఆయన సభ గడప తొక్కలేదు. మా ఇంటి వంతు కవరు మాత్రం ఏటా అమ్మ చేత పంపేవాడు.

నేను పెద్దయ్యాక చేరిన ఉద్యోగం ఏమిటంటే, ఇతరుల డబ్బును పెట్టుబడి పెట్టేవాళ్ల పనితీరును తూచడం. కంపెనీ చెన్నైలో ఉంది, నేను పుదుచ్చేరిలో ఇంటి నుంచే పని చేస్తాను. డబ్బు పెరిగిందని ఎవరైనా చెబితే, దేనితో పోల్చి పెరిగింది, అందులో నీ గొప్ప ఎంత అని అడగడమే నా పని. ఈ ఉద్యోగం కావాలని ఎంచుకున్నావా అని ఎవరైనా అడిగితే కాదని చెబుతాను. అది అబద్ధం.

చిన్నాయనకు నా అవసరం ఎందుకు వచ్చిందంటే, నిధిలో మిగిలినదంతా ఏంబలం అనే పల్లెలో ఇంకో స్థలం మీద పెట్టాలని ఆయన అనుకున్నాడు. ఒక స్థలం అప్పటికే కొని ఉన్నాడు. ఈసారి కుర్ర వ్యాపారులు కొందరు అడ్డుపడి, ఇన్నేళ్ల పనితీరును తెలిసినవాళ్లెవరైనా చూశాకే అన్నారు. ఆయనకు నేను గుర్తొచ్చాను.

"మనింటి కణక్కు మనింటి పిల్లే చూడాల పాపా. లెక్క బాగుండాదని సభలో ఒక మాట చెప్తే సాలు" అన్నాడు.

నాకు నలభై దాటాయి. పాపా అన్న ఆ పిలుపును కూడా నా ఖాతాలో రాసుకున్నాను.

కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. మొదట్లో నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆయన బాగా దెబ్బతిన్న ఏళ్లను మాత్రమే ఏరి, వాటితో ఒక నివేదిక తయారు చేశాను. చదువుకుంటే నోరూరింది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చదివి చించేశాను. మంచితనం పొంగుకొచ్చి కాదు. ఒక్క చోట అన్యాయం దొరికితే చాలు, ఆయన దాన్ని పట్టుకుని మొత్తం నుంచి జారిపోతాడు. ఆయన నా చేతిలోంచి జారిపోకూడదు. అందుకని ఆయన పగ్గాలు పట్టిన రోజు నుంచి ఒక్క నెల కూడా వదలకుండా చూశాను. ఆయన రూపాయి తినలేదని రాశాను. ఆస్పత్రి అప్పు అడిగినవాళ్లకు మా నాయన కంటే తొందరగా ఇచ్చాడని కూడా, పళ్లు నూరుకుంటూ, రాశాను.

తర్వాత అరియాంకుప్పం మీదుగా బస్సులో ఏంబలం వెళ్లాను. ఆ స్థలం విలువను చిన్నాయన ఏటా తన నోటితోనే పెంచుతూ వచ్చాడు. పక్క పొలం ఆయన్ని ఆ ధర చెప్పి అడిగితే, ఆ ధరకు కొనేవాడు ఉంటే ముందు నా దగ్గరికి పంపమ్మా అన్నాడు. మరో ఇద్దరిని అడిగినా అదే మాట. వాళ్లు చెప్పిన ధరే రాసుకున్నాను.

అసలు విషయం మాత్రం సభలో కవర్లు వేసే తాంబాళం దగ్గర బయటపడింది. మావాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం రాదు. తెలుగువాళ్ల సభలో తమిళ కాగితం పంచితే పరువు తక్కువ. అందుకని ఏ కాగితమూ పంచరు. నిధి మొత్తం ఎంతో దాన్ని చూసుకునేవాడే నోటితో చెబుతాడు, విని చప్పట్లు కొడతారు. మా నాయన కాలంలో మొత్తం ముందు చెప్పేవారు, ఆ తర్వాతే ఇంటింటి కవర్లు తాంబాళంలో పడేవి. చిన్నాయన వచ్చిన మొదటి ఏడాదే దాన్ని తిరగేశాడు. ఖాళీ తాంబాళం ఎదురుగా పెట్టుకుని డబ్బు మాట ఎత్తడం అశుభం అన్నాడు. ఆడవాళ్లు నిజమేనన్నారు. అప్పటి నుంచి ముందు కవర్లు పడతాయి, అవి కూడా కలిపి మొత్తం చెబుతారు. పోయినేటి కంటే పెరిగిందని అందరూ మురిసిపోతారు. పెరిగింది వాళ్లు పది నిమిషాల కింద వేసిన సొంత డబ్బే. ఇన్నేళ్లుగా మా జనం తమ జేబులకు తామే చప్పట్లు కొట్టుకుంటున్నారు.

సభ రోజు నాయనను కూడా రమ్మన్నాను. నివేదికలో ఏముందో చెప్పలేదు. యాడికీ రానన్న మనిషి, తీరా బయల్దేరేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

బట్టల కొట్టు మీద మేడగదిలో సభ. నాయనను చూసి వెనక ఎవరో జోల రాగం తీశారు. చిన్నాయన నవ్వాపుకుంటూ తాంబాళాన్ని ముందుకు జరిపాడు. ఈ ఏడాది మొత్తం ముందు చెబుతానని, బయటివాళ్లు లెక్క చూసినప్పుడు పద్ధతి అదేనని నేను అన్నాను. నివేదిక ఒకసారి చూపించమని కూడా అడగని మనిషి, సరేలే పాపా అన్నాడు.

మొత్తం చదివాను. అది పోయినేడు ఆయన చెప్పిన దానికంటే తక్కువ. చప్పట్లకు సిద్ధంగా ఉన్న చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ఏంబలం స్థలానికి ఊళ్లో పలికే ధర చెప్పాను. ఆయన చేతికి వచ్చినప్పటి నుంచి ఈ డబ్బు మామూలు బ్యాంకు డిపాజిట్లో పడి ఉంటే ఎంతయ్యేదో చెప్పాను. ఆయన లేపిన డబ్బు అందులో సగం దూరం కూడా నడవలేదు. మా నాయన ఏళ్లనూ అదే కొలతతో కొలిచి, ఆయన అప్పటి బ్యాంకు వడ్డీ కంటే కాస్త ఎక్కువే తెచ్చాడని చెప్పాను. ఒక్కో మాటకూ చిన్నాయన మొహం మారుతుంటే తృప్తిగా చూశాను. ఆ తృప్తికి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

చిన్నాయన మాత్రం ఇది మార్కెట్ తప్పని, ముందు శుభంగా కవర్లు పడనీయండని అన్నాడు. తాంబాళం పట్టుకుని నేరుగా నాయన దగ్గరికే వచ్చాడు. అన్న వేస్తే మిగతావాళ్లు వేస్తారని ఆయనకు తెలుసు. నాయన మెత్తదనం ఆయనకు నాకంటే బాగా తెలుసు.

నాయన జేబులోంచి కవరు తీశాడు. వేసేస్తాడు, నవ్వేస్తాడు, నా ఇన్నేళ్ల కసి ఈయన ఒక్క నవ్వుతో నీళ్లలో పోస్తాడు అనుకున్నాను.

నాయన తమ్ముడి మొహంలోకి చూశాడు. కవరును మళ్లీ జేబులో పెట్టుకుని, పైనుంచి పసిబిడ్డను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టాడు.

"నిద్రపోతా ఉండాది తమ్ముడా. లేపొద్దు" అన్నాడు.

వెనక నుంచి ఈసారి రాగం రాలేదు. కవర్లు ఒక్కొక్కటే జేబుల్లోకీ సంచుల్లోకీ వెళ్లిపోయాయి. చిన్నాయన ఖాళీ తాంబాళం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.