నర్సమ్మ మెచ్చని రౌడీ బొమ్మలు

మా అక్క పక్కింటి నర్సమ్మ పోయిందని శుక్రవారం పొద్దున గిద్దలూరు నుంచి అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ సమయానికి నేను మార్కాపురంలో నా గదిలో కూర్చుని, నల్ల కళ్ళద్దాల హంతకుడొకడి పెదాల మధ్య సిగరెట్టు దిద్దుతున్నాను. నర్సమ్మ చూసి ఉంటే ఏమనేదో తెలుసు. "వీనికి ఊపిరితిత్తులు ఇంకా ఉండాయా నాయనా?"

నా బతుకుతెరువు బొమ్మల కథలు. యాభై ఏళ్ల కిందటి రౌడీలు, బెల్‌బాటం ప్యాంట్లు, అంబాసిడర్ కార్లు, సారా ముఠాలు. ఇవి ఎందుకు అమ్ముడుపోతాయంటే, పాతవి గనక. నిన్న మన వీధిలో కత్తి తిప్పినవాణ్ణి చూస్తే రోత పుడుతుంది. అదే కత్తికి యాభై ఏళ్ల దుమ్ము పట్టించి, పక్కన ఒక పాత కారు నిలబెడితే చదువుకున్నవాళ్లు కూడా "ఏం మగాడురా" అంటారు. దెబ్బలు తిన్నవాళ్లు ఈపాటికి పోయి ఉంటారు. కాదని చెప్పేవాళ్లుండరు. నా వ్యాపారమంతా ఆ ధైర్యం మీదే నడుస్తోంది.

నర్సమ్మది దొనకొండ దగ్గర పల్లె. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చివాళ్ల సాయంతో చదువుకుని, ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్లకు పైగా కట్లు కట్టింది. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు పిల్లల గోళ్లు చూసేది. నేను అక్కను చూడబోయినప్పుడల్లా కొత్త పుస్తకం అడిగి తీసుకునేది. వసారాలో కాళ్లు చాపుకుని ఒక్క పేజీ వదలకుండా చదివేది. ఆ తర్వాత తీర్పు చెప్పేది.

"కడుపులో కత్తిపోటు పడినోడు మూడు పేజీలు మాట్లాడినాడే. వాడు నీళ్లంటాడు, అమ్మా అంటాడు. అంతే."

ఇంకోసారి, "ఇంత నెత్తురు కారింది గదా, ఆ చొక్కా ఉతికినామె బొమ్మ ఏదీ?" అంది.

బాగోకపోతే ఎందుకు చదువుతావమ్మా అన్నాను ఉక్రోషంగా.

"బాగలేదని ఎవురన్నారు? బాగుంటాది. అదే నీ తప్పు."

నాలుగేళ్ల కిందట ఈ ప్రాంతంవాడే అయిన ఒక రౌడీ కథ మొదలుపెట్టాను. సారా కాంట్రాక్టరు మనిషి. నేను వాణ్ణి ఎన్నడూ చూడలేదు, టీ అంగట్లో ముసలివాళ్లు చెప్పగా విన్నాను. మొదటి భాగంలో వాడు ఒంటరిగా ఇరవై మందికి ఎదురు నడుస్తాడు. నర్సమ్మ ఆ పుస్తకాన్ని సగంలో మూసింది.

"వీనికి నేను కట్టు కట్టినా" అంది.

పెళ్లయిన కొత్తలో ఆమె భర్త లారీ క్లీనరు. దొంగసారా డబ్బాలు లారీలో ఎక్కించనన్నందుకు ఈ రౌడీ ఇనప రాడ్డుతో ఆయన కాలు విరగ్గొట్టాడు. అది వంకరగా అతుక్కుంది. చచ్చేదాకా ఆయన మళ్లీ లారీ ఎక్కలేదు. చాలా ఏళ్లకు ఆ రౌడీకి చక్కెర జబ్బు ముదిరి పాదం కుళ్లింది. కొడుకులు ఆసుపత్రి గేటు దగ్గర దించేసి పోయారు. వాడు పోయేదాకా రెండు నెలలపాటు రోజూ కట్టు మార్చింది ఈమే.

"నన్ను ఆనవాలు పట్టలే. మా ఆయన పేరు చెప్పినా. ఎవురమ్మా ఆయన అన్నాడు. నిజంగానే గుర్తులేదు. అట్లాంటోళ్లు ఎంతమందో వానికి."

"కోపం రాలేదా అమ్మా?"

"కోపం చేసేదానికి అక్కడ మనిషంటూ ఉండాల గదా. పురుగులు పట్టినాయేమో చూడమ్మా అని ఏడుస్తా ఉన్నాడు. కట్టు కట్టినా, పక్క మంచం కాడికి పోయినా."

ఆమె చెబుతుండగానే నేను మనసులో పేజీని గళ్లుగా విడగొట్టుకుంటున్నాను. అంత సిగ్గులేనితనం ఈ పనిలో తొందరగానే అబ్బుతుంది. "దీన్నే ముగింపుగా గీస్తానమ్మా" అన్నాను.

ఆమె మూసిన పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది. "గీస్తావు. ఆ కుళ్లిన కాలును గూడా అందంగా గీస్తావు. వద్దు నాయనా."

ఆ ఒక్కమాట విన్నాను. కథను మాత్రం ఆపలేదు. పబ్లిషరు కోరినట్టే జోరువానలో, కారు ముందు, తూటాలు తిని రౌడీ నేలకొరిగాడు. నా పుస్తకాలన్నిట్లోకీ అదే ఎక్కువ అమ్ముడైంది. నర్సమ్మ చివరిదాకా చదివి కళ్లజోడు తీసింది.

"వాన బాగా గీసినావు" అంది.

ఆ తర్వాత ఎప్పుడూ పుస్తకం అడగలేదు. మజ్జిగ ఇచ్చేది, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగేది. బొమ్మల ఊసు ఎత్తేది కాదు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి గిద్దలూరు చేరాను. ఇంటి ముందు శవపెట్టె తెరిచే ఉంది. షామియానా కింద ఒక నడివయసు మనిషి నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచాడు. నా పుస్తకాలు చదివే బ్యాంకు ఉద్యోగి.

"అన్నా, ఆ రౌడీ నిజంగా వానలో అట్లనే సచ్చినాడా?"

"లేదు. ఆసుపత్రిలో కాలు కుళ్లి, ఏడ్చుకుంటా సచ్చినాడు. కట్టు కట్టింది ఈమే."

ఆయన ముఖం చిన్నబోయింది. "నువ్వు గీసిందే బాగుందన్నా" అన్నాడు.

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన్ని అట్లా తయారుచేసిన పుస్తకాల్లో నావి ఎన్నో లెక్కపెట్టబుద్ధి కాలేదు.

పాస్టరు ప్రార్థన ముగించాక, ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన ముసలి ఆయా ముందుకొచ్చింది. ఏడవలేదు. పెట్టెలోకి వంగి తెల్ల దుప్పటి కొసలు నాలుగు మూలలా బిగించి దోపింది. కాళ్ల దగ్గర ఒక ముడత కనిపిస్తే దాన్ని అరచేత్తో సాపు చేసి, ఒకడుగు వెనక్కి జరిగి, వార్డులో మంచం సరిగ్గా సర్దానా అన్నట్టు ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసుకుంది.