చేతులెత్తిన ఆదివారం

ఆ రోజుల్లో నా మాట ఎవరూ వినలేదు. ఇంతవరకు అడిగినవాళ్లూ లేరు కాబట్టి నేనే చెబుతున్నాను. కాగజ్‌నగర్‌లో అక్కాబావల ఇంట్లో ఉంటూ ఒక బడిలో గుమాస్తాగా చేరిన కొత్తలో నాకు ఒళ్లంతా నొప్పులు. రక్తపరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, అందుచేత నాకూ ఏమీ లేదని అందరూ తేల్చేశారు. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పి, వ్యాయామం నేర్పే మేడమ్ దగ్గరికి పంపింది. "రోజు జరంత నడువు. బాగున్న రోజు ఎక్కువ చెయ్యకు, బాగలేని రోజు మొత్తానికే మానకు. శానసేపు కూసుంటే చేతులు మెల్లగ లేపి దించు. తోడు ఎవరన్న ఉంటే మంచిది" అంది ఆ మేడమ్. తోడు వస్తానని బావ ఒప్పుకున్నాడు. నాలుగు రోజులు వచ్చాడు కూడా (బుధ, గురు, శుక్ర, శని, నేను మరిచిపోయే మనిషిని కాను). ఊళ్లోని కాగితం మిల్లు గోడ పక్కన నా నత్తనడకకు తగ్గట్టు ఆయన అడుగులు వేస్తుంటే, నా నొప్పిని ఒక్క మనిషైనా నమ్మాడనిపించేది.

ఐదో రోజు ఆదివారం. మా చర్చిలో ప్రసంగం అయ్యాక, మేలు పొందినవాళ్లు చెయ్యెత్తితే పాస్టరు అయ్యగారు లేపి సాక్ష్యం చెప్పిస్తారు. అంతకుముందు వారమే నా కోసం ప్రార్థన చేశారు. ఆ రోజు ప్రసంగం పొడుగైంది, నా భుజాలు బిగుసుకుపోయాయి. కళ్లు మూసుకుని రెండు చేతులూ మెల్లగా లేపాను, దించాను, మళ్లీ లేపాను. కళ్లు తెరిచేసరికి ప్రసంగం అయిపోయింది, అందరూ నా వైపే చూస్తున్నారు.

"చూసిండ్రా! పోయిన వారం నొప్పులన్న పోరడు గియాల రెండు చేతులు లేపిండు!" అన్నారు అయ్యగారు.

"అయ్యగారూ, ఇది కసరత్తు..."

చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. అక్క ఏడుస్తోంది. వెనక వరుసలో కూర్చున్న ఒక అవ్వ నా తల నిమిరి, "ఇగ ఫికర్ లేదు బిడ్డా" అంది.

మర్నాడు పొద్దున లేపితే బావ దుప్పటి ముసుగేసుకున్నాడు. "నయమైంది గదరా, ఇంకేం నడుసుడు? జర పండనియ్యి."

"నయం కాలే బావా."

"అట్లనకు. మీ అక్క వింటే పరేషానైతది."

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కణ్నే నడిచాను. నయమైనవాడు నొప్పని మూలిగితే బాగుండదు కదా (పైగా చర్చిలో కుర్చీలు మోసే పని కూడా నాకే అప్పగించారు). నొప్పి పోలేదు గానీ నడక వల్ల నిద్ర పట్టేది. అంత గోలలో తన మాట వినిపించలేకపోయిన ఆ పోరణ్ని తలుచుకుంటే ఇప్పుడు జాలితో కూడిన నవ్వు వస్తుంది.

మొన్న బావ ఫోన్ చేశాడు. మోకాళ్లు పట్టేశాయట. "తమ్మీ, గా కసరత్తులు నాకు జర చెప్పరాదు?" అన్నాడు.

చెబుతాను బావా. వచ్చి నీ పక్కన నడుస్తాను, నువ్వెంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా. కానీ ఆ సోమవారం పొద్దున నయం కాలేదని నేనంటే, నువ్వు నిజంగా నమ్మలేదా, లేక నమ్మి కూడా ముసుగేసుకున్నావా? ముందు దీనికి జవాబు చెప్పు.