క్రషర్ కన్నుకు బొట్టు

నేను బళ్లారి కంటోన్మెంట్ ఆఫీసులో కూర్చుని సండూరు ల్యాబ్‌లోని యంత్రాలను కంప్యూటర్ మీద నడుపుతాను. వాటిని కలిపే ప్రోగ్రాం రాసిందీ నేనే. ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది.

ఆయుధపూజ మరునాటి ఉదయం, ఖనిజపు రాళ్లను పిండి చేసే క్రషర్‌కు మూత వేసి ఉన్నట్టు స్క్రీన్ చూపించింది. స్టార్ట్ నొక్కాను. నిమిషంలో ఫోన్. ల్యాబ్‌లో పనిచేసే హనుమక్క.

"ఏందప్పా, ఉన్నట్టుండి ఆన్ చేస్తివి? లోపల పడిన పూలు తీస్తాంటే చేతిలో దండ గుంజుకునింది. నా చెయ్యి పోతాండె!"

బస్సెక్కి వెళ్లి చూశాను. క్రషర్ మూత దగ్గర ఒక సెన్సర్ కన్ను ఉంది; వెలుతురు తగలకపోతే మూత పడిందనుకుంటుంది. పూజ రోజు హనుమక్క పెట్టిన గంధం, కుంకుమ సరిగ్గా దాని మీదే ఉన్నాయి. నా ప్రోగ్రాం మూతను అడిగిందే తప్ప మనిషిని అడగలేదు.

ఇప్పుడు అక్కడ పచ్చ బటన్ ఆమె నొక్కితేనే నా స్టార్ట్ పనిచేస్తుంది. అది బిగించిన రోజు హనుమక్క కుంకుమ భరిణతో వచ్చి, "దీనికి బొట్టు యాడ పెట్టాలప్పా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో నేను ఆమెను ఏదీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.