నడుముకు సూది, గొర్రెల సాక్ష్యం

మా వైపు ఆడపిల్ల పురిటికొచ్చినప్పుడు నడుముకు వేసే మత్తు సూది మాటెత్తితే చాలు, ఇల్లంతా భయం. ఆ భయాన్ని ప్రశ్నలుగా విడదీసి అడిగితే జవాబులు దొరుకుతాయని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇంకో తల్లికి అంత ఆలస్యం కాకూడదని ఇది రాసి పెడుతున్నాను.

నేను పదో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివిందంతా నర్సీపట్నం లైబ్రరీలోనే. ఆ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. మా అమ్మాయి తొలి కాన్పుకు మా ఇంటికొచ్చింది. తొమ్మిదో నెలలో ఉండగా, "ఎపిడ్యూరల్, అదే ఆ నడుం సూది, వేయించుకుంటానమ్మా, అంత నొప్పి నేను పడలేను" అంది. సరేననాలనే ఉంది. కానీ పురుడు పుట్టింట్లో. ఏ తేడా వచ్చినా మాట నా మీదికే వస్తుంది. అందుకని నాలుగు రోజులు వరసగా లైబ్రరీలో కూర్చున్నాను.

నర్సింగ్ వాళ్లు చదివే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కున్నాను. ఆ మందు కడుపులో బిడ్డను ఏం చేస్తుందో చూడి గొర్రెల మీద కూడా పరిశీలించారట. తల్లి బీపీ పడిపోతే గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గుతుందని వాటిలో చూశారట. సూది వేశాక మాటిమాటికీ బీపీ ఎందుకు చూస్తారో అప్పుడు అర్థమైంది. ఆ గొర్రెలు తర్వాత ఏమయ్యాయో మాత్రం రాయలేదు. నాకు తెలుసుకోవాలనే ఉంది.

మా వియ్యపురాలిది రోలుగుంట దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెల మంద ఉంది. గొర్రెల మాట చెబితే నమ్మకం కుదురుతుందనుకుని, ఆదివారం కోడలిని చూడ్డానికి వచ్చినప్పుడు ఉత్సాహంగా చెప్పేశాను.

"గొర్రెకేసిన సూది నా కోడలికా? ఏటొదినా, అన్ని రోజులు కూకుని సదివింది ఇదేనా!"

"అదే సూది తెచ్చి నాకు వెయ్యరులే అత్తయ్యా" అని మా అమ్మాయి నవ్వింది.

ఆవిడ నవ్వలేదు. "గొర్రె ఈనగానే లేసి మేతకెల్లిపోద్ది. నడుం నొప్పెడితే మీ పుస్తకపోల్లకొచ్చి సెప్పిందా? రేపు ఈ పిల్ల వంగలేకపోతే ఎవులు సూత్తారు?"

మర్నాడు వెళ్లి ఆ పేజీలు మళ్లీ తిరగేశాను. బిడ్డ సంగతి ఉంది, నడుం సంగతి లేదు. మందను కాసిన మనిషికి తట్టిన ప్రశ్న, పుస్తకం చదివిన నాకు తట్టలేదు.

కాన్పు జరగాల్సిన ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. వియ్యపురాలినే అడగమన్నాను.

"మంచి ప్రశ్నండీ" అన్నారావిడ. "గొర్రెలు చెప్పలేవు కాబట్టే, సూది వేయించుకున్న ఆడవాళ్లనీ, వేయించుకోని వాళ్లనీ అడిగి చూశారు. చాలాకాలం ఉండే నడుం నొప్పి రెండు రకాల వాళ్లలోనూ దాదాపు ఒకేలా ఉంది. గుచ్చిన చోట కొన్నాళ్లు సలపొచ్చు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది, దానికి వైద్యం ఉంది."

వియ్యపురాలు తన నడుం మీద చెయ్యేసుకుంది. "ఏ సూదీ లేకుండానే ముగ్గుర్ని కన్నాను. నా నడుం ఇప్పటికీ నొప్పే" అని, డాక్టరమ్మ ఇచ్చిన ఒప్పుదల కాగితం కోడలి ముందుకు జరిపి, "నీకు కావాలంటే బేగి సంతకం ఎట్టు" అంది.

ఆ వారంలోనే కాన్పయింది. సూది వేశాక ఒకసారి బీపీ తగ్గితే వెంటనే సరిచేశారు. తల్లీబిడ్డా బాగున్నారు.

పేర్లు రాయొద్దన్నారు గనక వరసలతోనే దండాలు. బీరువాలోంచి పుస్తకం దించి ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, విసుక్కోకుండా చెప్పిన డాక్టరమ్మ గారికి, ఇది రాయనిచ్చిన మా అమ్మాయికి, నేను అడగాల్సిన ప్రశ్న అడిగిన మా వదినగారికి.