సూరిబాబు గుండె

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పలేకే ఇన్నేళ్ళూ ఈ బరువు మోశాను.

మాది అల్లవరం దగ్గర. నేనూ, రాంబాబూ, సూరిబాబూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళం. రాంబాబు కువైట్‌లో మెక్సికన్ హోటల్లో వంట చేసి తిరిగొచ్చాడు. తొంభైల్లో నా రొయ్యల చెరువు పక్కన, రోడ్డు మీద పాక వేసి అలాంటి హోటలే పెట్టాడు. ఊళ్ళో జనానికి వడ్డించేముందు మా ఇద్దరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. చెరువు గట్టు మీదుగా వస్తూ కొబ్బరి బొండాలు తెస్తానన్నాడు సూరిబాబు.

రాత్రిళ్ళు దొంగల భయంతో చెరువు గట్టు చుట్టూ తీగకి కరెంటు పెట్టేవాణ్ణి. తప్పని తెలిసే పెట్టాను. తెల్లారగానే మోటారు షెడ్డులో స్విచ్చి తీసెయ్యాలి. ఆ రోజు తియ్యలేదు. రొయ్యలు చుట్టిన మొక్కజొన్న రొట్టె మొదటి ముక్క కొరికినప్పుడు గుర్తొచ్చింది. సూరిబాబు ఇంకా రాలేదు.

"ఒక్కసారి మోటారు షెడ్డు దాకా ఎళ్ళొస్తాన్రా," అన్నాను.

"కూకోరా బాబూ! చల్లారితే గడ్డి తిన్నట్టుంటాది. తినేసి ఎళ్దువుగాని," అన్నాడు రాంబాబు.

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా ఒకటే తేలుతోంది. రుచిగా ఉంది, లేవబుద్ధి కాలేదు. కువైట్ కబుర్లు వింటూ, ఇంకోటి వెయ్యమంటూ తాపీగా తింటూనే ఉన్నాను.

పైన ఫ్యాను ఉన్నట్టుండి మందగించి, మళ్ళీ తిరిగింది. నా చెయ్యి ఆగింది.

"ఒరేయ్ సూరీ!" గట్టువైపు అరిచాను.

"ఆయ్! వచ్చేత్తన్నా!"

స్పష్టంగా వాడి గొంతే. రాంబాబూ విన్నాడు. హమ్మయ్య అనుకుని ఇంకో రొట్టె అందుకున్నాను.

ఎంతకీ రాలేదు. తిండి ముగించి నేనే వెళ్ళాను. గట్టు అవతలి మూల, బొండాల గెల పక్కన పడి ఉన్నాడు. చీలమండ తీగ మీద ఉంది. రెప్పల మీద అప్పటికే చీమలు. ఆ మూల నుంచి ఎంత అరిచినా, చెరువు నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోతలో పాక దాకా వినపడదు. తర్వాత మనిషిని నిలబెట్టి అరిపించి చూశాను కూడా. ఒక్కసారీ వినపడలేదు. మరి మాకు బదులిచ్చిందెవరు? వినాలనుకుని విన్నానా? అయితే రాంబాబు?

అప్పుడు మాత్రం పరిగెత్తాను. స్విచ్చి తీశాను, తీగ చుట్టి చెరువులో పడేశాను. వాడి చీలమండ మీద కాలిన మచ్చకి బురద రాశాను. అప్పుడు రాంబాబుని పిలిచి, "గుండె ఆగిపోయిందిరా," అన్నాను. అందరూ నమ్మారు.

సూరిబాబు కూతురు అప్పుడు చంటిపిల్ల. ఇప్పుడు అమలాపురంలో కాలేజీకి వెళ్తోంది. తండ్రి జబ్బు పిల్లకీ ఉంటుందని తల్లి దాన్ని పరిగెత్తనివ్వలేదు, సైకిలు తొక్కనివ్వలేదు. మొన్న మా ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో ఆగింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, లోపల ఏదో వింటున్నట్టు నిలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఏం లేదండీ పెదనాన్నగారూ. కొట్టుకుంటందో లేదో చూసుకుంటన్నాను," అని నవ్వింది.

దానికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీ నాన్న గుండె నిక్షేపంగా ఉండేదమ్మా. వాణ్ణి చంపింది నేను.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. నాకు మాత్రమే.