బహదూర్ అని పిలిచిన మనిషి

మొన్న గద్వాలల బస్సెక్కితే, నా పక్క సీట్ల ఒక నేపాలీ మనిషి కూసున్నడు. ఒళ్లె క్యాబేజీ సంచి, చేతుల గొడుగు. పెబ్బేరుల నూడుల్స్ బండి నడుపుతుండంట.

"ఏం బహదూర్, మీ దేశం మస్తుంటదంట గద?" అన్న. మా దిక్కు నేపాలోళ్లందరినీ గట్లనే పిలుస్తం. ఇగ నా నోరు ఆగలె. హిమాలయాలు, పశుపతినాథుని గుడి, బుద్ధుడు పుట్టిన లుంబిని, ఫోన్ల చూసినవన్నీ ఏకరువు పెట్టిన. రాజునెందుకు తీసేసిండ్రు, పోరగాళ్లు రోడ్డెక్కి సర్కారునెట్ల దించిండ్రు అని అడిగిన. ఆయన అన్నిటికీ తెలుగుల ఓపికగ జవాబు చెప్పిండు. బీచుపల్లి వంతెన మీద బస్సుల అందరితోపాటు ఆంజనేయస్వామికి దండం గూడ పెట్టిండు.

"తెలుగు మంచిగొచ్చు నీకు!" అన్న.

"హైదరాబాదుల బిల్డింగు పని కాడ బాలయ్యన్న నేర్పిండు సార్. మీ దిక్కాయనే. అందరు 'ఏ పాలమూరోడా' అని పిలుస్తుండిరి. ఆయన మస్తు బాధపడుతుండె. నేనొక్కన్నే పేరుతోని పిలుస్తుంటి."

నేను తలొంచుకున్న. మా నాయనను గూడ డ్యాం పనుల కాడ ఎవరు పేరుతోని పిలవలె.

పెబ్బేరుల ఆయన దిగిండు. గొడుగు సీటు కాడనే మరిచిపోయిండు. అప్పటికే బస్సు కదిలింది. గొడుగు చేతుల పట్టుకొని, కిటికీలకెళ్లి తల బయటపెట్టిన. 'బహదూర్' అన్న మాట నాలుక మీదికొచ్చి ఆగిపాయె.

ఇంకో పేరు నాకు తెల్వదు.